ఇద్రుస్ తెచ్చిన సీసాలు

దోర్కాస్ తల్లి బతికున్నన్నాళ్ళూ ఒకటే దెప్పేది. "నీ ఈడువాళ్ళు పిల్లల తలల్లో పేలు చూస్తున్నారు. నువ్వు పురుగుల వెంట్రుకలు లెక్కపెడుతున్నావు."

లెక్కపెట్టిన మాట నిజమే. ఆంబోన్ దీవి లోపలి అఖాతం ఒడ్డున ఉన్న సముద్ర పరిశోధన కేంద్రంలో, మేడమీది గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర ఆమె ఆ పని మొదలుపెట్టి ముప్ఫై అయిదేళ్ళయింది. పడవవాళ్ళు సముద్రం అడుగు నుంచి బురద తోడుకొస్తారు. దాన్ని జల్లెడ పట్టి, మిగిలిన చెత్తలోంచి పట్టకారుతో పురుగుల్ని ఏరి, ఏది ఏ జాతిదో తేల్చి, సీసాలో వేసి చీటీ రాయాలి. అన్నీ కుచ్చుపురుగులే. ఒంటికి రెండు పక్కలా తెడ్ల వరుసలా కాళ్ళు, కాలికాలికీ బిరుసు వెంట్రుకల కుచ్చు. వెంట్రుక కొన కొక్కెంలా వంగితే ఒక కుటుంబం, కొడవలి అతికించినట్టుంటే ఇంకో కుటుంబం. నోట్లో పళ్ళుంటే ఆ పళ్ళ వరుసను బట్టి జాతి. దోర్కాస్‌కు పెద్ద చదువు లేదు. అయినా లెన్సు కింద ఒక్క కాలు పెట్టి చూపిస్తే పురుగు పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుంది.

పేర్లు పెట్టేది మాత్రం జావా నుంచి వచ్చే పెద్ద చదువుల డాక్టర్లు. ఆమె ఏరిన సీసాలు పట్టుకుపోతారు, వ్యాసాలు అచ్చువేసుకుంటారు. చివర కృతజ్ఞతల్లో ఆమె పేరు చిన్న అక్షరాల్లో వస్తుంది, అదీ తప్పుగా. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆమెకు దాని మీద కోపం లేదు. ఆమె ఆశ అంతా ఒక్క అర మీదే. దాని పేరు 'పేరు లేనివి'. అందులో పదకొండు సీసాలున్నాయి. అన్నిట్లోనూ ఒకే పురుగు. అన్ని చీటీల మీదా తెచ్చినవాడి పేరు ఒకటే, ఇద్రుస్.

ఇద్రుస్ ఆ కేంద్రంలో పడవ నడిపేవాడు. ఊరు వాయిసేలు, మసీదు ఊరు. దోర్కాస్‌ది హాతులారి, చర్చి ఊరు. ఎప్పటిదో ఒక యుద్ధంలో ఈ రెండూళ్ళ పెద్దలు వేళ్ళు కోసుకుని, నెత్తురు సారాలో కలిపి ఒకే చిప్పలో తాగారు. దాన్ని పేలా అంటారు. చర్చికి కప్పు వేస్తే వాళ్ళొచ్చి దూలం మోయాలి. మసీదుకు గుమ్మటం ఎత్తితే వీళ్ళు పోయి భుజం పట్టాలి. రెండూళ్ళవాళ్ళూ తోబుట్టువులు, పెళ్ళి మాట తలవకూడదు. తలిచినవాళ్ళ ఒంటికి కొబ్బరాకులు చుట్టి రెండూళ్ళూ తిప్పేవారట. అది చూసినవాళ్ళెవరూ లేరు, మరిచినవాళ్ళూ లేరు. పురుగుల పట్టికలో తప్పుంటే ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు దిద్దుతారు. మనుషుల పట్టిక దిద్దేవాడు ఇంకా పుట్టలేదు. అందుకే ఇద్రుస్ ఆరేళ్ళు పెద్దవాడైనా ఆమెను ఊసీ, అంటే అక్కా, అనే పిలిచేవాడు. ఆమె అతణ్ణి బూ, అన్నా, అనేది. ఆ పిలుపు పిలిచినప్పుడల్లా ఆమె లెన్సు మీంచి తల ఎత్తేది కాదు.

ఏటా మార్చిలో పున్నమి వెళ్ళిన రెండో రోజో మూడో రోజో, పొద్దు గుంకగానే సముద్రం అడుగునుంచి పురుగులు దారాల్లా పైకి లేస్తాయి. లావోర్ అంటారు. నిమ్మకాయ పిండి, మిరపకాయ నలిపి తింటే ఆ రుచి ఇంక దేనికీ రాదు. ఆమె ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడు, లావోర్ మర్నాడు, ఇద్రుస్ తడికాళ్ళతో మెట్లెక్కి వచ్చాడు. చేతిలో దగ్గుమందు సీసా, అందులో ఒకే ఒక్క పురుగు. కళ్ళు మిరియపు గింజలంత, తోకవైపు సగం ఎర్రగా, రేకులు రేకులుగా ఉంది.

"ఊసీ, ఇది నీ సీసాల్లో ఉందేమో చూడు."

ఆమె లెన్సు కింద పెట్టింది. పుస్తకాలన్నీ తిరగేసింది. చాలాసేపు పట్టింది. అతను గుమ్మానికి ఆనుకుని నిలబడే ఉన్నాడు.

"లేదు బూ. పుస్తకంలోనూ లేదు."

"అయితే దాచిపెట్టు. వచ్చే ఏడు ఇంకోటి తెస్తా."

తెచ్చాడు. ఆ పై ఏడూ తెచ్చాడు. అతని పెళ్ళయిన ఏడు ఇంక రాడనుకుంది. వచ్చాడు. హాతులారి చర్చి పాటల బృందంలోంచి ఆమెకు రెండు సంబంధాలొచ్చాయి. రెండింటికీ వంక చెప్పి వెనక్కి పంపింది. తల్లి తల బాదుకుంది.

తర్వాత అల్లర్లు వచ్చాయి. చర్చివాళ్ళు, మసీదువాళ్ళు ఒకరి వీధిలోకి ఒకరు కాలు పెట్టలేని రోజులు. పడవ ఒడ్డునే కుళ్ళింది. ఆ మార్చిలో, రెండు మతాలవాళ్ళూ కలిసి కాపలా కాసుకున్న ఒక ఊరినుంచి చేపలమ్మే ఆవిడ గంప దించి, అడుగున ఆకుల కిందనుంచి సీసా తీసి దోర్కాస్ చేతిలో పెట్టింది. మూత తీస్తే గుప్పున సారా వాసన. జన్మలో సారా ముట్టని ఇద్రుస్ ఆ పురుగు చెడిపోకుండా ఎక్కడో సారా సంపాదించాడు. అయినా సగం చెడిపోయింది. దోర్కాస్ దాన్నే అన్నిటికంటే ముందు పెట్టుకుంది. అది పదకొండో సీసా. ఇద్రుస్ మళ్ళీ ఉద్యోగంలోకి రాలేదు. అప్పట్నుంచి అతణ్ణి చూడటమంటే గుమ్మటాలు ఎత్తేటప్పుడూ దూలాలు మోసేటప్పుడే, నలుగురిలో.

పోయిన ఏడాది లారస్ అనే డాక్టరమ్మ వచ్చింది. వయసులో చిన్నది, మర్యాద తెలిసిన పిల్ల. ఆ పదకొండు సీసాలూ, ఆమె గీసిన బొమ్మలూ చూసి కుర్చీలో కూలబడింది.

"ఊసీ, ఇది కొత్త జాతి. ఇన్నేళ్ళూ ఇక్కడ పెట్టుకుని కూర్చున్నారా? పళ్ళు రాలిపోయాయి కాబట్టి ఆ వైపునుంచి పోల్చలేం. కానీ ఈ రేకులు, ఈ తోక ఎక్కడా లేవు. పేరు మీరే చెప్పండి."

దోర్కాస్ ఆలోచించలేదు. "ఇద్రుస్."

"చివర దీర్ఘం తీస్తే లాటిన్ అయిపోతుంది. ఇద్రుసీ. బావుంది." లారస్ రాసుకుంది. "ఒకటి తెలుసా ఊసీ, అచ్చయిన పేరు చావదు. రేపెవరైనా తప్పని తేల్చినా, అసలు పేరు కింద చిన్న అక్షరాల్లో రాస్తూనే ఉంటారు. రెండొందల ఏళ్ళయినా సరే."

ఆ మాట దోర్కాస్ కడుపులో దాచుకుంది. అతని పేరు తన పేరు పక్కన ఏ పుస్తకంలోనూ చేరదు. కనీసం తాను పెట్టిన పేరుగా ఒక పురుగు మీదైనా నిలుస్తుంది. ఈ కబురు తానే చెప్పాలని, ఎవరినీ చెప్పనివ్వలేదు. ఈ మార్చికి వ్యాసం సిద్ధమైంది, సోమవారం పంపుతారు. అంతకుముందు శనివారం లావోర్. ఆ సాయంత్రం వాయిసేలు వెళ్ళి చెప్పాలనుకుంది.

శనివారం పొద్దున అంతా తలకిందులైంది. వ్యాసంలో తేడా చూపించడానికి మామూలు బురదపురుగు బొమ్మ కూడా గీయమని లారస్ అడిగితే, దోర్కాస్ నెల కిందట ఒడ్డు బురదలోంచి అయిదు పురుగుల్ని తెచ్చి తెల్ల ఎనామిల్ బేసిన్‌లో పెంచుతోంది. మూడొందల సీసాలు నిండిన, ఎవడూ రెండోసారి చూడని పురుగు. పది రోజులనుంచి ఒకటి తిండి మానేసింది. చస్తుందేమో అనుకుంది. ఆ పొద్దున మూత తీస్తే, అది బురదలోంచి బయటికి వచ్చి గిరగిరా తిరుగుతోంది. కళ్ళు మిరియపు గింజలంత. తోకవైపు సగం ఎర్రగా, రేకులు రేకులుగా. బేసిన్ అడుగున తెల్లటి ఎనామిల్ మీద నల్లటి నలుసులు. లెన్సు పెట్టి చూసింది. అవి దాని పళ్ళు. నిన్న మొన్న తాను బొమ్మలో గీసిన పళ్ళే.

ఇద్రుసీ అనేది వేరే జాతి కాదు. పెళ్ళికి ముస్తాబై పైకి లేచిన బురదపురుగు. దానికి పేరు పెట్టి నూరేళ్ళు దాటింది.

ఆమె బేసిన్ మీద మూత పెట్టేసింది. గదిలో ఇంకెవరూ లేరు. సోమవారం దాకా నోరు మెదపకపోతే చాలు. పేరు అచ్చవుతుంది. అచ్చయిన పేరు చావదు. తర్వాత ఎవరో తప్పని అంటారు, అననీ. ముప్ఫై అయిదేళ్ళలో ఒక్క చీటీ మీద కూడా అబద్ధం రాయని మనిషి, ఆ మూత మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది.

నాలుగింటికి పడవెక్కింది. ఇద్రుస్ కూతురు రుకియా రేవులోనే ఎదురొచ్చింది. దోర్కాస్‌ను తాంతా, అంటే అత్తా, అని పిలుస్తుంది.

"రండి తాంతా. నాన్న పొద్దుట్నుంచి వల బాగుచేస్తున్నాడు. అమ్మ పోయాక ఆ వలకు పడినన్ని కుట్లు మా ఇంట్లో ఎవరి బట్టలకూ పడలేదు."

ఇద్రుస్ పడవ అంచు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. రుకియా దీపంలో నూనె పోయడానికి వెళ్ళింది. దోర్కాస్ వేయించిన కెనారి గింజల డబ్బా అతని పక్కన పెట్టింది.

"నీ పేరు అచ్చులో వస్తుంది బూ. ఆ ఎర్రతోక పురుగుకి."

వల మీది చెయ్యి ఆగింది. "ఏ ఎర్రతోక?"

"నువ్వు తెచ్చిందే. పదకొండు సీసాలు."

"అవి ఇంకా ఉన్నాయా?"

"ఎక్కడికి పోతాయి."

అతను సముద్రంవైపు చూశాడు. "ఆపించు ఊసీ. నిన్ను చూసి నవ్వుతారు. అది బురదపురుగు. మా ఊళ్ళో ముక్కు తుడుచుకోవడం రాని పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు, పెళ్ళికి లేచిన బురదపురుగని."

ఆమెకు ఒళ్ళు మండింది. "నీకు తెలుసా?"

"మా తాతకు తెలుసు. అంతంత చదివినవాళ్ళు మమ్మల్నెప్పుడైనా అడిగితేగా."

"నాతో చెప్పొచ్చుగా! పదకొండేళ్ళు నా చేత పుస్తకాలు తిరగేయించావు. నా సీసాల్లో ఉందేమో చూడమన్నావు. నన్ను ఆడించావా?"

"ఆడించలేదు." గొంతు తగ్గించాడు. "పడవవాడికి మేడమీద ఏం పని? బురద కింద దించి పోవాలి. మెట్లెక్కాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా. మామూలుదని చెబితే చీటీ రాసి పడేస్తావు. తెలియనిదైతే చాలాసేపు చూస్తావు. అంతసేపూ నేనక్కడ నిలబడొచ్చు."

దోర్కాస్ గింజల డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. "అల్లర్ల ఏడు మెట్లు ఎక్కలేదుగా," అంది.

"ఆ ఏడు బతికున్నానని చెప్పాలిగా." నవ్వబోయాడు. "సారా కొన్నందుకు ఇప్పటికీ అల్లాకు క్షమాపణ చెప్పుకుంటున్నా."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ తడికాళ్ళను ఓరకంట చూస్తూ, పుస్తకంలో పేజీలు కావాలనే నెమ్మదిగా తిప్పిన రోజులు గుర్తొచ్చాయి. తనొక్కతే అనుకుంది. ఒక్కతే అనుకునే జుట్టు నెరిపించుకుంది. ఆ మాట ఎప్పుడు తెలిసినా చెయ్యగలిగిందేమీ లేదు. రెండూళ్ళ మధ్యా ఆ నెత్తురు చిప్ప ఉంది, ఇప్పుడూ ఉంది. అయినా తెలిసుంటే బావుండేది.

ఆమె సంచిలోంచి ఫోను తీసి లారస్‌కు చేసింది. బేసిన్ సంగతి, పళ్ళ సంగతి వరసగా చెప్పింది. అవతల లారస్ నిట్టూర్చడం ఇద్రుస్‌కు కూడా వినిపించింది.

"పోనీలెండి ఊసీ, అచ్చయ్యాక తెలిస్తే పరువు పోయేది. నా దగ్గర ఇంకో రెండు కొత్తవి ఉన్నాయిగా, నిజంగా కొత్తవే. ఒకదానికి ఆ పేరు పెట్టేద్దాం."

"వద్దు నోనా, వద్దమ్మా. అవి ఆయన తెచ్చినవి కావు."

ఫోను సంచిలో వేసుకుంది. పొద్దు గుంకింది. ఒడ్డంతా దీపాలు వెలిగాయి. "లేస్తున్నాయి, లేస్తున్నాయి" అని రుకియా నీళ్ళలోంచి కేకేసింది. ఇద్దరూ మోకాలిలోతు నీళ్ళలోకి దిగారు, చెరొక చిక్కంతో, అన్నాచెల్లెళ్ళు నిలబడాల్సినంత ఎడంగా. పిక్కల చుట్టూ పురుగులు దారాల్లా తిరుగుతున్నాయి. దోర్కాస్ చూస్తోందేగాని చిక్కం ముంచలేదు.

ఇద్రుస్ తన చిక్కంలో వెతికి, ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని దగ్గరకొచ్చాడు. తోకవైపు సగం ఎర్రగా ఉంది.

"ఊసీ," అన్నాడు. "ఇది నీ సీసాల్లో ఉందేమో చూడు."

దోర్కాస్ అతని చెయ్యి కింద తన చెయ్యి ఆనించి, దీపం దగ్గరగా పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"లేదు బూ," అంది. "ఎప్పుడూ చూడలేదు."