ముంబైలో మా శికారీ

మా ధనుష్‌కు ఇరవై నాలుగేళ్లు. నాగాయలంకలో ఉండే మా అక్క వెంకటరత్నమ్మ కొడుకు. వల లాగడంలో వాడి కుడిచేతిని మించిన చెయ్యి మా పాలెంలో లేదు. ఆ చేతికే, భుజం ఎముకలో క్యాన్సర్ అన్నారు. ఇక్కడైతే చెయ్యి తీసేయాల్సి వస్తుందనీ, ముంబై వెళ్తే నిలబెట్టొచ్చనీ చెప్పారు. నాకు హిందీ వచ్చు కాబట్టి వాడికీ అక్కకూ తోడుగా నేను బయల్దేరాను. ముప్పై ఏళ్లుగా ఊళ్లో నా హిందీని తప్పుపట్టినవాడు లేడు. హిందీ తెలిసినవాడూ లేడనుకోండి.

ముంబై డాక్టరు మొదట అడిగింది, కుర్రాడు ఏం పని చేస్తాడని. పనిని బట్టే ఆపరేషన్ ఎలా చేయాలో ఆలోచిస్తారట. సముద్రంలోకి చేపలకు వెళ్లడాన్ని మేం వేట అంటాం. చేపలు పట్టడమంటే అది కాలవ గట్టున పిల్లల ఆట. అందుకని నేను వేటను హిందీలోకి మార్చి, ఠీవిగా "శికార్" అన్నాను.

డాక్టరు కలం ఆగింది. "వాట్ యానిమల్?" అన్నాడు.

ఇంగ్లీషు ముక్క చెవిన పడేసరికి ధనుష్ హుషారుగా, "టైగర్, సార్!" అన్నాడు. వాడు చెప్పింది టైగర్ రొయ్య గురించి.

"రోజుకు ఎన్ని?"

"ఎన్నంటే ఎట్టా మావయ్యా? కిలోల్లో చెప్పు," అన్నాడు ధనుష్. కిలోల్లో తూస్తామని చెప్పాను.

"అది నిషేధం కదయ్యా!"

"నిషేధం వేసవిలో రెండు నెలలేనండీ. మిగతా పది నెలలూ మాకు గవర్నమెంటు లైసెన్సుంది," అన్నాను.

డాక్టరు ఫోను అందుకున్నాడు. ఎవరికి చేయబోయాడో ఇప్పటికీ తెలియదు.

"ఒరే, నీ హిందీ తగలెయ్య! తప్పుకో," అని అక్క నన్ను పక్కకు నెట్టింది. డాక్టరుగారికని తెచ్చిన ఎండురొయ్యల పొట్లం ఆయన కాగితాల మీద విప్పింది. తర్వాత లేని తాడు పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, వల లాగి చూపించింది. ఆ వాసనకు నర్సు ముక్కు మూసుకుని బయటికి పోయింది. డాక్టరు కళ్లజోడు తీసి మరీ నవ్వాడు.

అక్క మాత్రం నవ్వలేదు. కొడుకు కుడిచెయ్యి పైకెత్తి, "బాబూ, ఈ చెయ్యి ఉంటదా?" అంది. తర్జుమా చేయమని నన్నెవరూ అడగలేదు. డాక్టరు నవ్వు ఆపేశాడు. నాకు ఏడుపొచ్చింది. రొయ్యల ఘాటుకేనని సర్దిచెప్పుకున్నాను.

మందులకు వాడి జుట్టు రాలింది. అది మోపిదేవి స్వామికి మొక్కిన జుట్టు. ఆసుపత్రివాళ్లు ముందే తీసేసుకున్నారని అక్కకు కోపం. దిండు మీద రాలినదంతా ఏరి కవర్లో దాచింది. తర్వాత ఆపరేషన్‌లో చెడిన ఎముక తీసి లోహపుది పెట్టారు. చెయ్యి నిలిచింది. కానీ పనికొస్తుందో లేదో ఏడాది దాకా చెప్పలేమన్నారు. ఆ ఏడాదంతా వాడు పడవల వైపు చూడలేదు.

ఏడాది తర్వాత పరీక్షకు వెళ్లాం. డాక్టరు రిపోర్టులన్నీ చూసి, రోగం లేదన్నాడు. చెయ్యి ఎత్తమన్నాడు. భుజం దాకా లేచింది, ఆపైకి లేవలేదు. వల లాగొద్దు, బోటు నడుపుకోమన్నాడు. తర్వాత నా వైపు చూసి నవ్వి, "శికార్ పే జావో," అన్నాడు.

"ఏమన్నాడ్రా?" అంది అక్క.



"వేటకెళ్లమన్నాడక్కా."

ఈసారి తర్జుమాలో తప్పు లేదు.