వియ్యంకులిద్దరికీ సరిపడే పాట

మా కింది వాటాలో డ్రైవింగు స్కూలు నడిపే మాస్టారు, ఆయన వియ్యంకుడు గొంతులు చించుకుని పోట్లాడుకున్నారనీ, ఇక మాస్టారి కూతురి కాపురం గంగలో కలిసినట్టేననీ వీధి వీధంతా చెప్పుకుంటున్నారు. పోట్లాట మాట నిజమే. నేను మెట్ల మీదే ఉన్నాను. కాపురం మాట మాత్రం శుద్ధ అబద్ధం. సగం విని వెళ్ళిపోయినవాళ్ళు మిగతా సగం సొంతంగా అల్లారు. నేను మొత్తం విన్నాను కాబట్టి చెబుతున్నాను.

మాస్టారు నెమ్మదస్తుడు. ఆయన కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు బండిని గోడ మీదికి పోనిస్తే ఈయన తొక్కుతాడు. ఏళ్ళ తరబడి అలా తొక్కీ తొక్కీ, ఇంట్లో కుర్చీలో కూర్చున్నా సరే, భార్య వేడి గిన్నె పట్టుకుని గబగబా వస్తే కుడికాలు నేలకేసి నొక్కుతాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఒకావిడ చెత్తకుండీని గుద్దితే, "పరవాలేదమ్మా, అది ఖాళీదే" అన్నాడు.

వియ్యంకుడు ఈయనకి పూర్తిగా విరుద్ధం. సోఫాల దుకాణం ఆయనది. వచ్చినవాడు కూర్చుని చూసేలోపే బిల్లు రాసేస్తాడు. సంబంధం కలిశాక ఒకరోజు మాటల్లో మాటగా, కుర్రతనంలో ఇద్దరికీ రాక్ పాటల పిచ్చి ఉండేదని బయటపడింది. "బావగారూ, మనం బ్యాండు పెడదాం" అని ఆయన వారం తిరక్కుండా డ్రమ్ములు కొనేశాడు. మాస్టారు బేస్ గిటారు కొన్నాడు, దానికి నాలుగే తీగలుంటాయి కదా అని. పక్క కొట్లో కళ్ళజోళ్ళు అమ్మే అమ్మాయికి గిటారూ వచ్చు, గొంతూ ఉంది. ఆమెను కలుపుకున్నారు. సాయంత్రం క్లాసులయ్యాక, గోడల నిండా ట్రాఫిక్ గుర్తులున్న ఆ స్కూలు గదిలోనే సాధన.

ఇంతలో అల్లుడు వాళ్ళుండే ఫ్లాట్ల వార్షికోత్సవం వచ్చింది. అందులో వీళ్ళకి ఒక పాట ఇచ్చారు. మాస్టారికి ముద్ద దిగడం మానేసింది అక్కడే. పాట అభాసుపాలైతే తను ఇంటికొచ్చేస్తాడు. రోజూ లిఫ్టులో ఆ జనం ముఖాలు చూడాల్సింది కూతురు. పోనీ పాట ఎందుకు పాడవుతోందంటే, వియ్యంకుడి డ్రమ్ముల వల్ల. మొదలుపెట్టడం ఒక వేగం, ముగించడం ఇంకో వేగం. ఆ ముక్క ఆయనతో అనడానికి మాస్టారికి నోరు రాదు. భార్య ముందే హెచ్చరించింది కూడా: "ఆయన ఆ డ్రమ్ములు పగలగొట్టుకున్నా సరే, మీరు నవ్వుతూ ఉండండి. మన పిల్ల వాళ్ళింట్లో ఉంది."

మనిషిని దిద్దలేక పాటలు మార్చడం మొదలుపెట్టాడు. ముందు అన్నిటికన్నా చిన్న పాట తెచ్చాడు. తప్పు చేసే వ్యవధి ఉండదని ఆయన లెక్క. తీరా చూస్తే అది చిన్నదెందుకైందంటే, పాడినవాళ్ళు కుక్క తరిమినట్టు పరిగెత్తారు కాబట్టి. కళ్ళజోళ్ళమ్మాయి సగంలోనే మంచినీళ్ళు అడిగింది.

సరే, నిదానమే ప్రధానమని మెల్లగా నడిచే పాట పట్టుకొచ్చాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక మనిషి వెళ్ళి ఉప్పు కొనుక్కు రావచ్చు. అంత ఖాళీని వియ్యంకుడు భరించగలడా? మధ్యలో ఒక దెబ్బ వేశాడు. అది బాగుందనిపించి ఇంకోటి వేశాడు. కాసేపటికి ఆ పాట మొదటి పాటని దాటిపోయింది.

"దీంట్లో ఊపు లేదు బావగారూ, నేను పోశాను."

"పోశారండీ" అన్నాడు మాస్టారు నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే పన్ను నొప్పేమో అనిపించింది.

ఆఖరికి ఒకే లైను తిప్పి తిప్పి పాడే పాట ఎంచాడు. ఆరిన బట్టలు తెచ్చుకునే నెపంతో నేను కిందికి దిగాను. నా బట్టలు మేడ మీద ఆరతాయన్నది వేరే సంగతి. ఆ లైను ఎన్నిసార్లు తిప్పారో వాళ్ళకే తెలియదు. ఒకరు ఆపితే ఇద్దరు వాయిస్తున్నారు, ఆ ఇద్దరూ ఆపేసరికి మొదటివారు మళ్ళీ అందుకుంటున్నారు. నాకు మోకాళ్ళు పీకి మెట్టు మీద కూలబడ్డాను.

"మాస్టారూ, ఇంతకన్నా తేలిక పాట ఉందా లోకంలో?" అంది ఆ అమ్మాయి.

"వెతుకుతున్నానమ్మా."

"ఎందుకూ వెతకడం? ఏ పాటైనా బాబాయిగారు పరిగెత్తుతారు, మేం ఆయాసపడతాం. అంతే కదా."

మాస్టారు కుడికాలు నేలకేసి నొక్కాడు. "చిన్నపిల్ల, ఏదో అనేసింది బావగారూ" అన్నాడు.

వియ్యంకుడు కర్రలు కింద పెట్టాడు. "నేను పరిగెత్తడమేంటమ్మా? బావగారు వెనకబడిపోతుంటే, ఆ మాట అంటే బాధపడతారని నేనే లాక్కొస్తున్నా. చేతులు పడిపోతున్నాయి నాకు."

"నేను వెనకబడుతున్నానా? మిమ్మల్ని ఆపుదామని కదా నెమ్మదిగా వాయిస్తున్నా."

"ఆపాలంటే నోటితో చెప్పచ్చుగా."

"మీరు చెప్పారా మరి?"

"ఆడపిల్ల తండ్రివి, నిన్నెలా అంటానయ్యా?"

"మగపిల్లాడి తండ్రివి, నిన్ను మాత్రం నేనెలా అంటాను?"

'గారు'లు పోయి 'నువ్వు'ల్లోకి దిగారు. నీ చెవుల్లో సోఫాల దూది ఉందని ఈయన, నీ వేళ్ళు రెండో గేరు దాటవని ఆయన. వీధి విని వెళ్ళింది ఈ ముక్కలే. ఇంకాస్త ఆగి ఉంటే, అరిచి అరిచి అలిసిపోయి ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని నవ్వుకోవడం కూడా వినేవారు.

మర్నాడు పాటని ఆ అమ్మాయే ఎంచింది. మనిషి నడిచే వేగం, గిటారు మీద వేళ్ళు మూడే చోట్ల పెడితే చాలు. ఎవరు తప్పు చేస్తే వాళ్ళని అక్కడికక్కడే తిట్టాలని షరతు పెట్టింది. తిట్లతోనే పాట కుదిరింది. వార్షికోత్సవం రోజున వియ్యంకుడు పరుగందుకోబోతుంటే మాస్టారు మైకు సంగతి మరచి, "ఆగవయ్యా బాబూ" అన్నాడు. అదీ పాటలోదే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. కూతురు ముందు వరసలో నిలబడి ఈల వేసింది.

అంతా బాగానే ఉంది గానీ, కళ్ళజోళ్ళమ్మాయి నాతో ఒక మాట అంది. బాబాయి పరిగెత్తడం ఎంత నిజమో, మాస్టారు తీగ దొరక్క తడుముకోవడమూ అంతే నిజమట. అది విన్నాక నాకు కాలు నిలుస్తుందా? మొన్న ఆయన కారు తుడుచుకుంటుంటే నేరుగా అడిగేశాను.

"నిజం చెప్పు నాయనా. ఆ తేలిక పాటలన్నీ వెతికింది ఆయన కోసమా, నీ కోసమా?"

మాస్టారు గుడ్డ పిండి, ఇంటి గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఆయన కోసమనే మా ఆవిడకి చెప్పాను పిన్నిగారూ. మీరూ అలాగే అనుకోండి."