వరండా చివరికి వెళ్లిన పెద్ద బల్ల

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మా చెల్లెలు. హెడ్మాస్టరైన మొదటి మనిషీ అదే. నా చెల్లెలు కనుక నేను ‘అది’ అంటాను, మీరు అనకూడదు. దానికి సైకిలు నేర్పింది నేనే. ఊరి బళ్లో ఏడు దాకా చదివి, ఉద్యోగమంతా బస్సు నడిపి, ఒక్కరికీ గీత పడనివ్వనివాణ్ణి. నా మాట నమ్మొచ్చు.

ఇక అది చేసిన అన్నిట్లోకీ గొప్ప పని చెబుతాను.

నేను చెల్లెలికి భోజనం క్యారియర్ పట్టుకెళ్లిన రోజే ఒక తల్లి బడికొచ్చింది. “మేడం, మా పిల్ల నీళ్ల సీసా ఎలా తీసుకెళ్తే అలాగే తెస్తోంది. చుక్క తాగట్లేదు.”

పిల్లని పిలిపించారు. మూడో తరగతి. అందరూ బుడ్డి అంటారు.

“ఎందుకు తాగట్లేదమ్మా?”

“తాగితే బాత్రూముకి వెళ్లాలిగా మేడం. పెద్ద క్లాసు అక్కలు బయట గడియ పెట్టేస్తారు. ఏడిస్తే, ఇంకో పాట పాడవే అంటారు.”

చెల్లెలు క్యారియర్ మూత తీయలేదు. పక్కనున్న లెక్కల మాస్టారు, “పిల్లలన్నాక ఆటపట్టించుకుంటారండీ. మనం పాఠాలు చెప్పాలా, బాత్రూములు కాయాలా?” అన్నాడు.

“రెండూ చెయ్యాలి మాస్టారూ. గడియ పెట్టింది ఆ పిల్లలు. చూడనిది మనం. అన్నయ్యా, ఆ కొస పట్టుకో!”

కొసంటే దాని ఆఫీసు బల్ల కొస! ఏనుగుపిల్లంత టేకు బల్ల. గుమ్మంలో ఇరుక్కుంది. సొరుగు జారింది, సుద్దముక్కలు దొర్లాయి, పిల్లలు ఊరేగింపులా వెంటపడ్డారు. లెక్కల మాస్టారు కూడా చివరికి చొక్కా చేతులు మడిచాడు. వరండా చివర, బాత్రూముల ఎదురుగా దించాం. బయటి గడియల స్క్రూలు విప్పింది నేనే, అదీ రాసుకోండి.

ఆ అక్కలిద్దరి అమ్మానాన్నల్నీ పిలిపించి మాట్లాడింది. ఇంటర్వెల్లో ఆ ఇద్దరినీ తన పక్కనే కూర్చోబెట్టుకుంది. అయినా బుడ్డి సీసా నిండుగానే ఇంటికెళ్లేది. భయం గడియంత తేలిగ్గా ఊడదు కదా.

ఈలోగా పై ఆఫీసు నుంచి ఫోను.

“మేడం ఉన్నారా?”

“బాత్రూముల దగ్గరున్నారండి,” అన్నాడు గుమాస్తా.

సాయంత్రం మళ్లీ ఫోను. “ఇంకా అక్కడేనా! ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉందండి. అక్కడ పని ఎక్కువ.”

మర్నాడు పెద్దాఫీసరు బత్తాయిల సంచితో పరామర్శకి దిగాడు! బల్లని చూసి నోరు తెరిచాడు. “ఇదేంటమ్మా, పరువు పోదూ! ఇప్పుడే లోపల పెట్టించండి.”

“ఒక పిల్ల తనంతట తాను ఇక్కడికొచ్చి వెళ్లనివ్వండి సార్. అప్పుడు చూద్దాం.”

“ఎప్పుడొస్తుంది?”

“జరగండి సార్, అర్జెంటు!”

బుడ్డి! మెడలో ఖాళీ సీసా టకటకా కొట్టుకుంటుంటే తూటాలా దూసుకొచ్చింది. ఆఫీసరు ఎగిరి పక్కకి గెంతాడు. బత్తాయిలు నాలుగు దిక్కులకీ దొర్లాయి. గడియ పెట్టిన అక్కలే వాటి వెనక పరుగెత్తారు.

బుడ్డి బయటికొచ్చి, చేతులు కడుక్కుని, తడి విదిలించింది. “మేడం, సీసా మళ్లీ నింపుకోనా?”

మా చెల్లి ముక్కు ఎర్రబడింది. ఆఫీసరు గొంతు సవరించుకుని, “బల్ల ఉండనివ్వండి. మీరు లేనప్పుడు ఎవరు కూర్చుంటారు?” అన్నాడు.

“నేను,” అన్నాడు లెక్కల మాస్టారు, బత్తాయి ఒలుస్తూ.

ఆ బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది. లోపలికి మోయమని నన్నెవరూ అడగలేదు. అడిగితే నడుం నొప్పంటాను.