అక్షరాల్లేని కీబోర్డు

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసేవాడు. రోజూ పొద్దున్నే గేటు దాకా వెళ్ళి, అక్కడి బోర్డు తన కళ్ళతో చదువుకుంటేగానీ ఆ రోజు పని ఉందని నమ్మేవాడు కాదు. ఎవరైనా ఎదురొచ్చి "పనుందిరా, ఎల్లు" అన్నా తల ఊపేవాడు గానీ నమ్మేవాడు కాదు. ఆ గుణం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చింది. గ్యాసు బండ తెచ్చినవాడి ఎదుటే దాన్ని ఊపి చూస్తాను. బస్సెక్కాక ఎక్కడికి వెళ్తుందో డ్రైవరునీ అడుగుతాను, కండక్టరునీ అడుగుతాను. అలాంటి నేను, ఏ కీ మీద ఏ అక్షరం ఉందో రాసి లేని కీబోర్డు చేయించుకున్నానంటే మా ఇంట్లోవాళ్ళకి ఇప్పటికీ వింతే.

విజయనగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసులో నేను టైపిస్టుని. ప్రశ్నపత్రాలు, సర్క్యులర్లు, తల్లిదండ్రులకు పంపే కబుర్లు, అన్నీ తెలుగులో కొట్టాలి. చిన్నప్పుడు నేర్చుకున్నది టైపు మిషను మీద. తరవాత కంప్యూటరు వచ్చింది, దానితో ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రభుత్వ పద్ధతి వచ్చింది. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. ఏళ్ళ తరబడి అదే కొట్టాను. నా వేళ్ళకి ఆ దారులు నా కంటే బాగా తెలుసు.

రెండేళ్ళ కిందట కీళ్ళ జ్వరం వచ్చింది. అందరికీ తగ్గింది, నాకూ తగ్గింది, కుడిచేతి ఉంగరపు వేలు మాత్రం బిగుసుకుపోయింది. ఆ పద్ధతిలో ఆ వేలి కిందే 'త' ఉంటుంది. తెలుగులో 'త' లేకుండా ఎంత దూరం వెళ్ళగలం? పేరా పూర్తయ్యేసరికి ముంజేయి దాకా లాగేది. తప్పులు రావడం మొదలైంది. 'తల్లిదండ్రులకు' అని కొట్టబోతే 'ల్లిదండ్రులకు' అని పడేది.

మా మేనమామ కొడుకు, నాకు బావ, బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేస్తాడు. వెళ్ళి వేలు చూపించాను.

"వేలు మార్సలేం గానీ, అచ్చరం మార్సీగలం" అన్నాడు.

"అచ్చరం మార్చడమేటి?"

"ఒసే, ఆ 'త'ని తీసికెళ్ళి సూపుడు వేలి కింద పెట్టుకో. నీ బోర్డు, నీ ఇష్టం. ఎవుడొద్దంటాడు?"

అంతవరకు ఆ ఆలోచన నాకెప్పుడూ రాలేదు. వంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడ పెట్టుకోవాలో నేనే చెప్తాను గానీ, రోజంతా కొట్టే అక్షరం ఎక్కడుండాలో నేను చెప్పొచ్చని ఎవరూ అనలేదు.

బావ ఒక అట్టపెట్టె తీసి నా ముందు కుమ్మరించాడు. కీల కింద పెట్టే స్విచ్చులవి. ఒక్కొక్కటీ నొక్కి చూడమన్నాడు. ఒకటి టిక్కుమంది. ఒకటి మెత్తగా దిగిపోయింది. ఒకటి నొక్కితే లేత పెసరకాయ విరిచినట్టుంది. అది కావాలన్నాను. తరవాత అక్షరాలకి చోట్లు మార్చుకున్నాం. 'త' కుడి చూపుడు వేలికి వచ్చింది. 'ర' ఎడమ చూపుడు వేలికి వెళ్ళింది. ఏ వత్తు కొట్టాలన్నా ముందు పొల్లు కొట్టాలి కదా, దాన్ని బొటనవేలికిచ్చి, ఖాళీ అయిన చోట 'న' పెట్టాను. 'శ్రీ'కి ఒక కీ, 'క్ష'కి ఒక కీ. నాలుగైదు ఆదివారాలు ఆ షాపులోనే కూర్చుని మార్చిందే మార్చాను. అంత సరదాగా ఏ పనీ చేసినట్టు గుర్తులేదు.

కీల మీద అక్షరాలు మాత్రం కుదరలేదు. బజారులో దొరికే వాటి మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి, అవి నా అమరికకి సరిపోవు. "తప్పు అచ్చరం కన్నా బోడిదే నయం" అని బావ తెల్లటి ఉత్త కీలు బిగించాడు.

ఒక్క సంగతి నాకు నచ్చలేదు. ఈ అమరికంతా కంప్యూటర్లో కాకుండా కీబోర్డులోనే దాగుంటుందట.

"బోర్డులోనే బుర్ర ఉంటాది. ఏ కంప్యూటరుకి తగిలించినా నీ లెక్కే నడుస్తాది" అన్నాడు బావ.

"బుర్రుంటే ఇంకేటేటి గుర్తుపెట్టుకుంటాదో?"

"నువ్వు సెప్పిందే."

"నేను చెప్పకుండా?"

"నీకు అనుమానమెక్కువే" అని నవ్వాడు. నేను నవ్వలేదు. వారం రోజులు దాన్ని ఇంట్లోనే వాడి, అది నా మాటే వింటుందని తేల్చుకున్నాకే ఆఫీసుకి పట్టుకెళ్ళాను.

ఆఫీసులో నా పక్క బల్ల ఒక అక్కది. సొంత అక్క కాదు, వయసులో పెద్దదని అలా పిలుస్తాను. వాళ్ళది ఊళ్ళో తరాలుగా వీణ వాయించే కుటుంబం. ఆవిడా కొంత నేర్చుకుంది. మిగిలింది టైపులోకి వచ్చిందని తనే అంటుంది. నిజమే, ఆవిడ కీబోర్డు వైపు చూడనే చూడదు. కళ్ళు కాగితం మీదే ఉంటాయి. మా ఆఫీసులో అలా చూడకుండా తెలుగు కొట్టేవాళ్ళం మేమిద్దరమే. ప్రిన్సిపాల్ గారు రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడతారు. అకౌంట్సాయనకి అంకెలే తప్ప తెలుగు కొట్టడం రాదు.

కొత్త కీబోర్డు చూసి అక్క ముచ్చటపడింది. "ఇదేటమ్మా, బోసినోరులాగుంది" అంది. మధ్యాహ్నం అన్నాలు తింటూ బావ చెప్పినవన్నీ ఆవిడకి చెప్పాను. బోర్డులో బుర్ర ఉంటుందన్న మాట కూడా చెప్పాను. ఆవిడ మజ్జిగన్నం కలుపుకుంటూ, "మరి ఇప్పుడు పని తొందరగా తెములుతోందా?" అని అడిగింది. "చాలా తొందరగా తెములుతోందక్కా" అన్నాను.

క్వార్టర్లీ పరీక్షలు వచ్చాయి. తెలుగు పేపరు పరీక్షకి ముందే పిల్లల ఫోన్లలోకి వచ్చిందని కాలేజీలో గుప్పుమంది. ఆ ఫోటో చూసినవాళ్ళు ఎవరూ లేరు, విన్నవాళ్ళే అందరూ. మర్నాడు మధ్యాహ్నం నేను పనిలో ఉండగా ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. కంప్యూటరు అలాగే వదిలి వెళ్ళాను.

"ఆ పేపరు టైపు చేసింది నువ్వే కదమ్మా?"

"అవునండీ."

"ఎవరికైనా చూపించావా?"

"లేదండీ."

ఆయన కాసేపు పెన్ను మూత తిప్పి, "నీ కీబోర్డులోనే బుర్ర ఉంటాదంట కదా? కొట్టిందంతా అందులో ఉండిపోతాదేమో?" అన్నారు.

నన్ను పట్టేసింది ఆయన అడిగిన ప్రశ్న కాదు, అడిగిన మాట. బోర్డులో బుర్ర. ఆ మాట బావ నోట విన్నాను, నేను ఒకే ఒక్కరికి చెప్పాను.

కొట్టింది ఉండదని, అక్షరాల చోట్లు మాత్రమే ఉంటాయని ఎంత చెప్పినా ఆయన వినలేదు. కాలేజీ కంప్యూటర్లు చూసే మనిషి వచ్చి పరీక్షించేదాకా కీబోర్డు తన బీరువాలో ఉండాలన్నారు. ఎక్కడెక్కడికి తిరుగుతావు, ఎవరితో మాట్లాడతావు, ఆ బావ ఎవరు అని చాలాసేపు అడిగారు. నేను ఆ గదిలో ఉండగానే అటెండరు వెళ్ళి నా కీబోర్డు ఊడదీసి తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. దొంగసొత్తు పట్టుకొచ్చినట్టు బల్ల మీద పెట్టాడు.

తిరిగొచ్చేసరికి నా కంప్యూటరు తెర ఆర్పేసి ఉంది. నేను ఆర్పలేదు. అటెండరు ఆర్పాడేమో అనుకున్నాను. అడిగితే, "నాను తెర జోలికెల్లలేదమ్మా, అప్పటికే సీకటిగున్నాది" అన్నాడు. పక్క బల్ల దగ్గర అక్క తలొంచుకుని ఏదో కొడుతోంది.

బల్ల అడుగునున్న పాత కీబోర్డు తీసి తగిలించి, తెర వెలిగించాను. నా ఫైళ్ళన్నీ ఉండే ఫోల్డరు తెరిచి ఉంది. నేను దాన్ని తెరవలేదు. పైన ఫైళ్ళు వెతికే గడిలో ఎవరో ఒక మాట కొట్టారు.

*తరమసిరడంన.*

కింద, అలాంటిదేదీ దొరకలేదని ఉంది.

ముందు కీబోర్డు మీదే అనుమానమొచ్చింది. నేను చెప్పకుండానే ఇది ఏదో చేస్తోందేమో, ప్రిన్సిపాల్ గారన్నదే నిజమేమో అనుకున్నాను. తరవాత ఆలోచించాను. కీబోర్డు తనంతట తాను ఫోల్డరు తెరవదు. తెర ఆర్పదు. ఎవరో నా కుర్చీలో కూర్చున్నారు. ఆ మనిషి అలవాటైన పాత పద్ధతిలోనే ఏదో మాట కొడితే, నా అమరికలో అక్షరాలు తారుమారై ఇలా పడింది. మరి ఆ మాటేమిటి?

కాగితం తీసి లెక్క వేద్దామనుకున్నాను. అవసరం లేకపోయింది. నా వేళ్ళకి ఇంకా కొత్త కీబోర్డు అలవాటే ఉంది. పాత కీబోర్డు మీద చేతులు పెట్టి, కొత్తదాని మీద కొట్టినట్టే 'తరమసిరడంన' కొట్టాను, ఆ మనిషి నొక్కిన కీలే నా వేళ్ళూ నొక్కుతాయి కదా. 'త' కోసం చూపుడు వేలు దిగింది. తెర మీద 'ర' పడింది. తరవాత గుడి. తరవాత 'ల'. ఒక్కొక్క అక్షరమే వచ్చి, ఆఖరికి పొల్లు కూడా పడ్డాక చదివాను.

రిలీవింగ్.

ఒక్క తప్పు లేదు. అక్షరాల్లేని బోర్డు మీద, వేళ్ళు పెట్టగానే ఒక్క కీ తప్పకుండా కొట్టిన మనిషి. వెతుక్కుని కొట్టేవాళ్ళకి అది సాధ్యం కాదు. పక్కకి చూశాను. అక్క కాగితం వైపే చూస్తోంది. ఆవిడ వేళ్ళు మాత్రం ఆగిపోయాయి.

ఆ సాయంత్రం ఆవిడ రోజూలా "వెళ్ళొస్తానమ్మా" అంది. నేను తెర వైపే చూస్తూ ఫైళ్ళు మూశాను. నెల్లిమర్ల బస్సులో కూర్చుని ఒకటే ఆలోచన. రిలీవింగ్ ఆర్డరు అంటే ఉద్యోగంలోంచి తప్పించే కాగితం. ఎవరిది? నాదే అయితే నా కంప్యూటర్లో ఎందుకు వెతుకుతుంది? నన్ను పంపించడానికే బుర్ర సంగతి ప్రిన్సిపాల్ గారి చెవిన వేసిందా? ఇంటికెళ్ళాక నాన్నకి చెప్పాను. "మనిసినే అడుగు. మద్దిలోవోల్ల మాట నమ్మకు" అన్నాడు.

మర్నాడు అన్నాల దగ్గర ఆవిడ క్యారేజీ విప్పుతుండగా అడిగాను.

"అక్కా, రిలీవింగ్ ఎవరికి?"

ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "నీకెలా తెలిసింది?" అంది. కాదనలేదు.

"నీ వేళ్ళు చెప్పాయి."

"నాకేనేమో అనుకున్నానమ్మా" అంది మెల్లిగా. "ఆఫీసులో ఇద్దరు టైపిస్టులు అక్కర్లేదు, ఒకరు సరిపోతారని అకౌంట్సాయన ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆ బోర్డు తెచ్చిన దగ్గర్నుంచి నువ్వు నా వంతు పని కూడా కొట్టేస్తన్నావు. ఇంక నేనెందుకు వీళ్ళకి? నా ఆర్డరు నీ చేత కొట్టించి ఉంటారని, నువ్వు నాతో అన్నం తింటూ చెప్పకుండా ఉన్నావని..."

"అలాంటిదేదీ నేను కొట్టలేదు."

"దొరకలేదుగా. కొట్టింది కొట్టినట్టు పడితేగా దొరకడానికి!" అని నవ్వబోయింది, కళ్ళు నిండాయి.

నాకు జాలేసింది. అయినా అడగాల్సింది అడిగాను. "బోర్డులో బుర్ర ఉందని ఆయనకి చెప్పింది నువ్వేనా?"

"ఆయన అడిగారు, ఆ బోర్డేటి అని. చెప్పాను."

"పేపరు గొడవకి ముందా, తరవాతా?"

ఆవిడ నా వైపు చూసి, గిన్నెలోకి చూసి, "గుర్తులేదమ్మా" అంది. మా ఆఫీసులో ఏ సర్క్యులరు ఎప్పుడు వెళ్ళిందో కాగితం చూడకుండా చెప్పే మనిషి ఆవిడ.

ఆ వారంలోనే హాస్టలు వార్డెను ఒక కుర్రాడి ఫోను పట్టుకున్నాడు. అప్పుడు బయటపడింది ఆ ఫోటో. అది నేను టైపు చేసిన పేపరే కాదు. తెలుగు మాస్టారు తన చేతిరాతతో రాసుకున్న చిత్తుప్రతి, స్టాఫ్‌రూములో బల్ల మీద పెట్టి టీ తాగడానికి వెళ్ళినప్పుడు ఎవరో తీసిన ఫోటో. నా దగ్గరికి రాకముందే అది బయటికి వెళ్ళిపోయింది. ఫోటో ఒక్కసారి చూసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

ప్రిన్సిపాల్ గారు బీరువా తీసి కీబోర్డు ఇచ్చేశారు. "ఏటనుకోకమ్మా" అని, వెంటనే, "కానీ ఇది ఇంట్లోనే వాడుకో. అందరూ చదవగలిగిన బోర్డులుంటేనే ఆఫీసుకి మంచిది" అన్నారు. తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. ఇంటికి తెచ్చాక బావ చేత విప్పించి, లోపల ఎవరూ ఏమీ పెట్టలేదని అతను చూపించాకే తగిలించుకున్నాను. "ఈసారి నీ అనుమానం నాయమే" అన్నాడు బావ.

ఇప్పుడు ఆఫీసులో పాత కీబోర్డు మీదే కొడుతున్నాను. ఉంగరపు వేలితో కొట్టాల్సినవి మధ్యవేలితో అందుకుంటాను, నెమ్మదిగా. పని ఇద్దరికీ సరిపడా ఉంటోంది. ఎవరినీ తియ్యలేదు. ఇంటి దగ్గర మాత్రం ఊళ్ళోవాళ్ళ శుభలేఖలు, కరపత్రాలు నా అమరికలోనే కొట్టి పెడతాను. ఆ చప్పుడు వింటూ నాన్న అరుగు మీద కునుకు తీస్తాడు.

అక్కా నేనూ కలిసే తింటాం. ఆవిడ తెచ్చిన దబ్బకాయ ఊరగాయ నాకు ముందు వడ్డిస్తుంది. మంచినీళ్ళకి లేచినా సరే, నేను కంప్యూటరుకి తాళం వేసి మరీ లేస్తాను. ఆవిడ చూస్తుంది, ఏమీ అనదు. ఈమధ్య ఆవిడ కూడా వేస్తోంది. ఎందుకని నేనూ అడగలేదు.