నేను పరీక్షించి వేయించిన టైల్స్

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో నేను ఇరవై ఆరేళ్లుగా అటెండరుని. పిల్లలకు పరీక్షనాళికలు అందించడం, వాళ్లు వెళ్లాక కడిగి బోర్లించడం నా పని. ఇన్నేళ్లలో ఒక్క ప్రయోగం కూడా నా చేత్తో చేయలేదు. అయినా మా వీధిలో అందరూ నన్ను డేవిడ్‌రాజు మాస్టారు అంటారు. కాదని నేనెప్పుడూ అనలేదు.

కిందటేడు ఊరి చివర ఇల్లు కట్టాం. నేలకు టైల్స్ ఎంచాల్సి వచ్చేసరికి నాలోని మాస్టారు మేలుకున్నాడు.

"ఈ పని నాకొగ్గెయ్," అన్నాను నా భార్య జ్ఞానసుందరితో. ఆవిడ అంగన్‌వాడీ టీచరు. మా ఇంట్లో నిజంగా పాఠాలు చెప్పేది ఆవిడే.

బజారులో నాలుగు కొట్లు తిరిగి తొమ్మిది రకాల ముక్కలు తెచ్చాను. అరుగు మీద వరసగా పేర్చి, నంబర్లు వేసి, పరీక్షలు మొదలుపెట్టాను. మేకుతో గీశాను. పసుపు నీళ్లూ చింతపండు పులుసూ పోసి ఒక పూట ఎండలో ఉంచాను. బాత్రూములు కడిగే యాసిడ్ చుక్కలు వేశాను. ఆఖరికి నడుమెత్తు నుంచి రోకలి వదిలాను. ఒకసారి అది ఎగిరి నా బొటనవేలి మీద పడింది. అదీ నోటుబుక్కులో రాసుకున్నాను.

అన్నిటికీ నిలబడింది ఏడో నంబరు. తెల్లగా అద్దంలా ఉంది. వంగితే నా బట్టతల కనిపించింది.

జ్ఞానసుందరి మూడో నంబరును చేత్తో రాసి చూసింది. దానికి మెరుపు లేదు, కాస్త గరుకు. "ఇది బాగున్నాదండి. కాలికి పట్టుంటాది."

"దాని మీద పసుపు మరక ఉండిపోయింది."

"మరకుంటే తుడుసుకుందుం."

తుడుచుకోవడం సైన్సు కాదన్నట్టు చూశాను.

టైల్స్ వేసే లక్ష్ముడు పాతపట్నం మనిషి. ఏడో నంబరును అటూ ఇటూ తిప్పాడు. "గట్టిదే మాస్టారూ. మరి తడి మీద సూసారేటి?"

"యాసిడ్‌కే ఏటీ అవలేదు, నీళ్లకి ఏటవుతాదయ్యా?"

"టైలుకేటీ అవదు," అని తాపీ అందుకున్నాడు.

గృహప్రవేశం ప్రార్థన రోజు పొద్దున్నుంచీ వాన. చర్చి సంఘం వాళ్లంతా తడికాళ్లతో వచ్చి, గోడవారగా ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచారు. మెరిసే నేల మీద గౌరవం కొద్దీ అలా నడుస్తున్నారనుకున్నాను. ప్రార్థన ముగిశాక టీ కప్పుల ట్రే పట్టుకుని, గది మధ్యలోంచి పాస్టరుగారి దగ్గరికి బయలుదేరాను. టైల్స్ ఎలా ఎంచానో ఆయనకు చెబుదామని నోరు తెరిచాను. కాళ్లు రెండూ నాకన్నా ముందు వెళ్లిపోయాయి.

ఆరు కప్పులూ పగిలాయి. నా కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. టైలు మీద గీత కూడా పడలేదు.

కట్టుతో రోజుల తరబడి కూర్చున్నాను. జ్ఞానసుందరి అన్నం కలిపి ముద్దలు పెట్టేది. ఒక్క మాటా అనలేదు. అదే కష్టంగా ఉండేది. ఒకరోజు నేనే అడిగాను.

"తిట్టవేటి?"

"ఏటని తిడతాను? మీరంత సంబరంగా ఓ పని సెయ్యడం పెళ్లయ్యాక అదే సూడ్డం. అందుకే అడ్డు సెప్పలేదు. సెప్పాల్సింది."

తిన్నాక లక్ష్ముడికి ఫోన్ చేసి, అవి పీకేసి మూడో నంబరు వేయమన్నాను.

పీకడానికి ఒక్క పూట చాలన్నాడు. మూడు రోజులు పట్టింది. కొట్టిన సుత్తి కొట్టినట్టే ఎగిరి వస్తోంది. "ఏటి మాస్టారూ, ఇనప ముద్దలాగున్నాది," అని లక్ష్ముడు చెమట తుడుచుకున్నాడు.

నేను విరిగిన చేతిని గుండెకు ఆనించుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఎంత బిగబట్టినా నవ్వు ఆగలేదు.

"ఎందుకు నవ్వుతన్నారు?" అంది జ్ఞానసుందరి.

"ఏటీ లేదు," అని, లక్ష్ముడికి మంచినీళ్లు తేవడానికి వెళ్లాను.