మా తాతను నానమ్మ వదిలేసిన వారం

మా తాత ఎల్జీ నలభై ఏళ్లు మిసిసిపీ పత్తి చేల నడుమ ఒక జిన్నింగ్ మిల్లులో బెల్టులు బిగించాడు. ఒక్క పూటా పస్తుండలేదు. నానమ్మ వెర్లీన్ ఇస్త్రీ చేసిన చొక్కా లేనిదే గడప దాటలేదు. అలాంటి మనిషి శనివారం సాయంత్రాలు ఆర్లీన్ నడిపే బీరు పాకలో గిటారు పట్టుకుని, తన పిల్ల తనను వదిలిపోయిందని బ్లూస్ అనే కష్టాల పాట పాడేవాడు. ఆ పిల్ల, అంటే అరవై ఎనిమిదేళ్ల మా నానమ్మ, పక్కనే చేపలు వేయిస్తుండేది.

తాతతో పాటు మిల్లులో పనిచేసిన లోంజోకి అది కంటగింపు. అతన్ని ముగ్గురు భార్యలు వదిలేశారు, ఇల్లు వరదలో పోయింది, ఒక వేలు మిల్లు మింగేసింది.

"ఒరే ఎల్జీ, నీ పొట్ట చూస్తూ ఆ పాట వినలేకపోతున్నాను. వదిలేయడమంటే నీకేం తెలుసు? అది నాకిచ్చెయ్" అన్నాడు ఒక శనివారం.

జనం నవ్వారు. ఆర్లీన్ తీర్పు చెప్పింది: "వచ్చేవారం ఇద్దరూ పాడండి. ఎవరిది నిజమనిపిస్తే పాట వాళ్లది."

ఆ రాత్రి తాత కంచం ముట్టలేదు. మా ఇంట్లో అది చావు కబురంత వార్త.

"నాకు కష్టాలు లేవట" అన్నాడు.

"నాతో యాభై ఏళ్లు కాపురం చేశానని చెప్పలేకపోయావా?"

"చెబితే నువ్వు వింటావుగా."

బుధవారం నానమ్మ బట్టలు సర్దుకుంది. "గ్రీన్‌వుడ్‌లో చెల్లెలింటికి పోతున్నా. నిన్ను వదిలేశాను. ఇక హాయిగా పాడుకో."

"మళ్లీ ఎప్పుడొస్తావే?"

"వదిలేసినవాళ్లని అలా అడగరయ్యా."

మొదటి రోజు తాత ముచ్చటపడి గిటారు తీగలన్నీ మార్చాడు. గురువారం చిక్కుళ్లు మాడ్చాడు. శుక్రవారం చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు పడింది.

"బాధ బాగా పట్టిందా తాతా?" అని అడిగాను.

"నోర్మూసుకుని ఆ మాడింది తిను."

శనివారం లోంజో పాడితే ఆర్లీన్ కూడా ముక్కు చీదింది. తాత వంతు వచ్చింది. రెండుసార్లు వాయించి ఆగిపోయాడు. మూడోసారి నోరు తెరిచి, "వెర్లీన్" అన్నాడు. ఆ మాట పాటలో లేదు. లేచి గిటారు కుర్చీలో పెట్టాడు.

"లోంజో, బండి తెచ్చావా?"

"మరి పాటో?"

"నువ్వే ఉంచుకో. నన్ను గ్రీన్‌వుడ్‌లో దింపు."

లోంజో బండి తోలాడు. నేను వెనక ఎక్కాను. ఇలాంటిది వదులుకుంటే ఎలా? మేం వెళ్లేసరికి నానమ్మ చెల్లెలి వసారాలో బఠాణీలు ఒలుస్తోంది.

"గెలిచావా?" అంది.

"నోరు పెగల్లేదే. ఇంటికి రా."

"ఇంకా బస్తాడు ఒలవాలి."

లోంజో టోపీ తీశాడు. "వచ్చెయ్ వదినా. దారి పొడుగునా ఏడ్చాడు. నేను పాడినదానికంటే బావుంది, ఒట్టు."

నానమ్మ బఠాణీల గిన్నె పక్కన పెట్టి, చేతులు గౌనుకి తుడుచుకుని, తాతకి కుర్చీ లాగింది.

"ఏదీ, ఇక్కడోసారి ఏడువు. నేను వినకుండా ఎలా కదులుతాను?"