సుధాకరరావు స్కీలు

పెళ్ళాన్ని చూసి కుళ్ళుకునే మగవాళ్ళు చాలామంది ఉంటారు. ఒప్పుకున్నవాడు మాత్రం నాకు ఒక్కడే తెలుసు. ఆయన మా పై అంతస్తు సుధాకరరావు. కాకినాడ మనిషి, ఇక్కడ దోహాలో, వెస్ట్ బేలో ఒక కట్టడాల కంపెనీలో ఇంజనీరు. ఉమ్ ఘువైలినాలో మా బిల్డింగ్‌లోనే ఏళ్ళ తరబడి కాపురం. భార్య అరుంధతంటే తనకు ప్రాణమనీ, మంచు మీద ఆవిడ స్కీయింగ్ చూస్తే మాత్రం ఒళ్ళు మండిపోతుందనీ ఒకసారి లిఫ్టులో నిలబడి చెప్పాడు. పక్కన ఇంకో ఇద్దరు తెలుగువాళ్ళున్నారన్న మొహమాటం కూడా లేదు.

తప్పు ఆయనదే. చలికాలం సెలవులకు జార్జియా మంచుకొండలకు వెళ్దామన్నది ఆయన. రానన్న భార్యను బతిమాలి తీసుకెళ్ళిందీ ఆయనే. దోహా రోడ్ల మీద ఆవిడకు కారు నేర్పిందీ, ఈత నేర్పిందీ కూడా ఈయనే కాబట్టి, అన్నీ తనే నేర్పాలన్న అలవాటు ముదిరిపోయింది. మంచు మీద రెండో రోజుకే అరుంధతి సర్రున జారుకుంటూ వెళ్ళిపోయింది. ఈయన కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం వెనక్కి వేసి, బ్రేకు కొట్టుకుంటూ దిగాడు. ఆ తర్వాత ప్రతి చలికాలమూ అదే వరస. ఆవిడ కింద ఆగి ఎదురుచూస్తుంది. ఈయన చేరగానే భుజం మీద మంచు దులిపి, బాగా దిగారండీ అంటుంది. ఆ మెప్పుకి ఆయనకు ఇంకా మండేది.

తిరిగొచ్చాక గురువారం సాయంత్రం ఎవరింట్లో భోజనాలైనా అందరూ అరుంధతినే కబుర్లు అడిగేవారు. ఏటా వాళ్ళిద్దరితో, నాతో కలిసి ఆ కొండలకు వచ్చే ప్రతిమ, నిరంజన్ దంపతులు ఒక వీడియో తీశారు. అందులో ఆవిడ ముందు వంపులు తిరుగుతుంటే, ఎక్కడో వెనక నారింజ రంగు చుక్కలా ఈయన. ఆ వీడియో తన ఫోన్లోంచి తీసేశాడు. ఆయనకు కావలసింది ఒక్కటే. ఒక్కసారైనా తను ముందు కిందికి చేరాలి, ఆవిడ వెనక రావాలి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేరమంతా అద్దె స్కీల మీదికి నెట్టాడు. వేసవంతా ఏసీ గదిలో కూర్చుని స్కీల పొడవు, పాదం కింద వెడల్పు, లోపల వాడే కర్ర గురించి చదివాడు. కొలతలు తీసుకుని జాకెట్టు కుట్టినట్టు, మనిషిని బట్టి స్కీలు చేసిపెట్టే చిన్న కార్ఖానా ఒకటి ఆస్ట్రియాలో పట్టాడు. వాళ్ళతో వీడియో కాల్ ఉన్న రోజు, అరుంధతి సరుకులకు వెళ్ళిన సమయం చూసుకుని, ధైర్యానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

అవతల తెల్లగడ్డం ఆయన. ఎక్కడ ఎక్కువగా తిరుగుతారని ముందడిగాడు. మనవాడికి లోతు మంచులో దూకే వెడల్పాటి స్కీల మీద మోజు. గడ్డమాయన ఒప్పుకోలేదు. రిసార్టులో చదును చేసిన వాలు మీద రోజంతా తిరిగేవాళ్ళకి అవి అనవసరపు బరువనీ, పాదం కింద సన్నగా ఉన్నవే చెప్పినమాట వింటాయనీ నచ్చజెప్పాడు. ఎత్తు అడిగితే మనవాడు నిజమే చెప్పాడు. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకటే ఎత్తు. బరువు దగ్గరకొచ్చేసరికి పెళ్ళినాటి బరువు చెప్పి, చలికాలం లోపల తగ్గుతాలెండి అని నాతో తెలుగులో అన్నాడు.

చివరికి గడ్డమాయన అసలు ప్రశ్న అడిగాడు. మీరెలా దిగుతారు? దాన్నిబట్టే స్కీల బిగువూ వంపూ ఉంటాయట. నడుం వెనక్కి వేసి బ్రేకు కొడతానని ఏ నోటితో చెప్తాడు? కళ్ళు మూసుకున్నాడు. చిన్న చిన్న వంపులు తిరుగుతాననీ, బరువు ముందుకే వేస్తాననీ, మలుపుకు ముందు ఎడమ భుజం కాస్త దించుతాననీ, పొద్దున్నే మంచు గట్టిపడి ఉండే వాలు కుడి అంచంటే ఇష్టమనీ గడగడా చెప్పాడు. తన సంగతి తనకు ఇంత బాగా తెలిసిన మనిషిని చూడలేదని గడ్డమాయన మెచ్చుకున్నాడు. కోతలకు హద్దుండాలి అనుకుని నేను టీ తాగాను.

నవంబరులో పొడుగాటి పెట్టె వచ్చింది. వాచ్‌మన్ రహమతుల్లా పరదాలు వేలాడదీసే రాడ్లనుకున్నాడు. అరుంధతి స్కీలను చేత్తో తడిమి మురిసిపోతే, సుధాకరరావు వాటిని గబుక్కున మంచం కింద పెట్టేశాడు.

ఆ చలికాలం జార్జియాలో, గుడౌరి రిసార్టులో మొదటి పొద్దున ఆ స్కీలతో వాలు ఎక్కాడు. అవి ఆయన మాట వినలేదు. వెనక్కి వాలితే మనిషిని వదిలేసి పారిపోతున్నాయి, తడబడి కాలు కదిపితే చటుక్కున అడ్డం తిరుగుతున్నాయి. పడుతూ లేస్తూ దిగి, మోసం చేశారు వెధవలు అని టీకొట్టు దగ్గర కూలబడ్డాడు. అరుంధతి వచ్చి, ఒకసారి నేను చూస్తానంది. వద్దనడానికి సాకు దొరకలేదు. దుకాణంలో బిగింపులు తన బూట్లకు సరిచేయించుకుని ఆవిడ పైకి వెళ్ళింది.

నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆవిడ కుడి అంచు పట్టుకుని దిగుతోంది. మలుపు మలుపుకూ ఎడమ భుజం కాస్త దిగుతోంది. అప్పుడు నాకు వీడియో కాల్‌లో విన్నదంతా గుర్తొచ్చింది. ఆవిడ అంత బాగా దిగడం మేమెవరమూ అంతకుముందు చూడలేదు. సుధాకరరావు మొహం మాడిపోయింది. కళ్ళు మాత్రం తిప్పుకోలేదు.

అరుంధతి ఆయాసంతో నవ్వుతూ వచ్చి ఆగింది.

"ఏవండీ, ఇవి నా కోసం చేయించారు కదూ? నాతో చెప్పకుండా?"

మొగుడంటే అలా ఉండాలని ప్రతిమ నిరంజన్‌ను మోచేత్తో పొడిచింది. సుధాకరరావు టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"కాలు అనుకోకముందే తిరుగుతున్నాయి" అంది అరుంధతి. "నేనెలా దిగుతానో వాళ్ళకి అంత బాగా ఎలా చెప్పగలిగారండీ?"

సుధాకరరావు ఆవిడ వైపు చూడకుండా టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇన్నేళ్ళుగా నీ వెనకాలే కదే వస్తున్నాను."